‘ఎవరికి?’ అంటే చెప్పడానికి పేరు లేదు

మా నాన్న ఫోన్‌లో ‘మూలుగ వాళ్ళు’ అని ఒక నంబరు సేవ్ అయి ఉంటుంది. 2023 ఆగస్టులో ఆ నంబరు నుంచి మొదటిసారి కాల్ వచ్చినప్పుడు ఆయన ఖమ్మంలో కూరగాయల మార్కెట్లో ఉన్నారు. రెండు మాటలు విని, కట్ చేసి, వెంటనే నాకు చేశారు. "ఎవరో అమ్మాయి నీ పేరు చెప్పి, నీ బోన్ మ్యారో ఎవరికో కలిసిందంటోంది. నీకు ఫోన్ చేస్తే ఓటీపీ మాత్రం చెప్పకు."

అదేంటో గుర్తు రావడానికి నాక్కూడా కాసేపు పట్టింది. 2015లో, ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో, కాలేజీలో మూలుగ దాతల పేర్లు రాసుకునే క్యాంపు ఒకటి పెట్టారు. వెళ్ళినవాళ్ళకి మధ్యాహ్నం ల్యాబ్‌కి అటెండెన్స్ వేస్తామన్నారు. నా సేవాభావం అంతా అక్కడే ఉంది. దూది చుట్టిన పుల్లతో బుగ్గల లోపల రుద్దుకుని, కవర్లో పెట్టిచ్చి, ఫారం నింపి, సమోసా తిని వచ్చేశాను. ఆ ఫారంలో ‘మీరు దొరక్కపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి’ అన్నచోట నాన్న నంబరు రాశాను. ఈ ఎనిమిదేళ్ళలో నేను రెండుసార్లు నంబరు మార్చాను, ఆయన మార్చలేదు. నేను దొరికింది ఆ ఒక్క కారణం వల్లే.

రక్తమైతే గ్రూపు కలిస్తే దాదాపు పనైపోయినట్టే. ఇక్కడ కలవాల్సింది హెచ్‌ఎల్‌ఏ, అంటే మన కణాల మీద ఉండే గుర్తులు. ఇది నాది, ఇది బయటిది అని ఒళ్ళు పోల్చుకునేది వాటితోనే. సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తాయి కాబట్టి తోడబుట్టినవాళ్ళతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఒక్కరే సంతానమైతే అదీ లేదు. అలాంటప్పుడు లుకేమియా, తలసీమియా, అప్లాస్టిక్ అనీమియా లాంటి రక్తం జబ్బులు ఉన్నవాళ్ళ కోసం దాత్రి, డీకేఎంఎస్ లాంటి రిజిస్ట్రీల్లో, అంటే నాలా పేరిచ్చిన దాతల జాబితాల్లో వెతుకుతారు. ప్రపంచం మొత్తం మీద నాలుగు కోట్ల మందికి పైగా పేర్లు ఇచ్చారు, అందులో మన దేశం వాటా లక్షల్లోనే. తాతముత్తాతలు ఒక ప్రాంతం వాళ్ళయితేనే కలిసే అవకాశం ఎక్కువ కాబట్టి, జర్మనీలో ఎన్ని లక్షలమంది నమోదైనా నల్గొండ పిల్లాడికి అది పెద్దగా అక్కరకు రాదు.

ఈ ముక్క ఇంట్లో చెప్పడం నేను చేసిన పెద్ద పొరపాటు. మా పెదనాన్న వెంటనే అందుకున్నారు: "అంటే మనోళ్ళే అయ్యుంటారుగా?" తెలీదు పెదనాన్నా, పేరు చెప్పరు, ఊరు చెప్పరు, ఏ ఆసుపత్రో కూడా చెప్పరు, కనీసం ఏడాది దాకా రెండు వైపులా ఎవరెవరో తెలియనివ్వరు అన్నాను. "మరి ఎవరికని ఇస్తున్నావ్?" అన్నారాయన. ఆ రెండు నెలల్లో ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్క లేదు. నాకు తెలిసిందల్లా ఒకటే, చిన్న పిల్లాడు, రక్తానికి సంబంధించిన జబ్బు.

అమ్మ సంగతి వేరు. అమ్మకి మూలుగ అంటే ఆదివారం మటన్‌లో వచ్చేది. పళ్ళెం అంచుకేసి కొడితే బయటికి జారుతుందే, అది. నా కాలి ఎముకకి కూడా అలాంటి గతేదో పట్టబోతోందని ఆవిడ ఊహించుకుంది. అది కాదమ్మా అంటే, అయితే వెన్నులో సూది గుచ్చుతారు అంది. తమ్ముడు పుట్టినప్పుడు ఆపరేషన్‌కి వెన్నులో ఇచ్చిన ఇంజెక్షన్ వల్లే తనకి ఇప్పటికీ నడుము నొప్పి అని ఆవిడ గట్టి నమ్మకం. "పెళ్ళి కావాల్సిన పిల్లవి, రేపు నడుం పట్టేస్తే ఎవరు చేసుకుంటారే?"

నాన్న భయం ఇంకోటి. కిడ్నీ రాకెట్ల వార్తలు చదివీ చదివీ, తెలియనివాళ్ళకి ఒంట్లోది ఏదిచ్చినా అది కేసే అనుకున్నారు. కిడ్నీకైతే నిజంగానే 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ఉంది, దగ్గరి బంధువు కానివాళ్ళు ఇవ్వాలంటే ఆథరైజేషన్ కమిటీ ముందుకు వెళ్ళాలి. పైగా కిడ్నీ ఇస్తే ఇచ్చిందే, మళ్ళీ మొలవదు. ఇక్కడ ఇచ్చేది మూలుగలో ఉండి రక్తాన్ని తయారుచేసే మూలకణాలు, అవి కొన్ని వారాల్లో మళ్ళీ తయారైపోతాయి. ఇచ్చినవాళ్ళకి డబ్బులు ఉండవు, వాళ్ళ జేబులోంచి ఖర్చూ ఉండదు. వెన్నెముక జోలికి ఎవరూ వెళ్ళరు. కొన్ని కేసుల్లో మత్తిచ్చి తుంటి ఎముక నుంచి సిరంజితో మూలుగ తీస్తారు, కానీ ఎక్కువగా చేసేది చేతి నరం నుంచే, రక్తంలోంచి మూలకణాలు వేరు చేసి తీసుకోవడం. నాదీ అదే. ఇదంతా డాక్టరు వీడియో కాల్‌లో ఓపిగ్గా ముప్పావుగంట చెప్పారు. నాన్న సైన్స్ మాస్టారుగా రిటైరయ్యారు, అందుకని చివర్లో ఆయనకో సందేహం వచ్చింది: నా కణాలు వెళ్ళి ఆ పిల్లాడి ఒంటినే పరాయిదనుకుని దాడి చేస్తే? చేస్తాయండీ, అలా కాకుండా మందులు వాడతాం అని డాక్టరు రెండు మూడు పేర్లు చెప్పారు. మెథోట్రెక్సేట్ అన్న పేరు వినగానే నాన్న కుర్చీలో ముందుకు జరిగారు. "అది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిందేగా!" ఆ తర్వాత ఆయన్ని ఒప్పించాల్సిన పని రాలేదు. పెదనాన్నకి కూడా ఆయనే ఫోన్ చేసి, "మనోళ్ళు ఒకాయన ఉన్నాడ్లే ఇందులో" అని చెప్పారు.

ఆఫీసులో మటుకు విసిగిపోయాను. సిక్ లీవ్ అంటే, నీకు జబ్బు లేదుగా అన్నారు. కుటుంబసభ్యుల చికిత్స కింద పెడదామంటే ఆ ఫారంలో ‘పేషెంటుతో మీ సంబంధం’ అని ఒక గడి, అది నింపకపోతే సబ్మిట్ అవ్వదు. మూడు మెయిళ్ళయ్యాక నా సొంత సెలవులే పెట్టుకున్నాను. రక్తదానం చేస్తూ ఫొటోలు దిగి పోస్టులు పెట్టే కంపెనీయే ఇది.

ముందు ఇంకోసారి రక్తం తీసి మ్యాచ్ నిజమేనని తేల్చుకున్నారు, తర్వాత ఒళ్ళంతా చెకప్. అక్టోబర్లో ఇంజెక్షన్లు మొదలయ్యాయి. జీ-సీఎస్ఎఫ్ అంటారు, మూలుగలో ఉండే కణాలని ఎక్కువగా పుట్టించి రక్తంలోకి తోలుతుంది. రోజూ పొద్దున్నే ఒక నర్సు ఇంటికొచ్చి ఇచ్చి వెళ్ళేది, అలా ఐదు రోజులు. నొప్పి ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి, ఉంటుంది. రెండో రోజు రాత్రి నుంచి నడుము, తుంటి, రొమ్ము ఎముక లోపల్నుంచి ఎవరో గుద్దుతున్నట్టు ఉండేది, తుమ్మితే ఇంకా. పారాసెటమాల్ వేసుకుంటే కాస్త తగ్గేది. అమ్మ ఖమ్మం నుంచి దిగి, మూలుగ పోతుంటే మూలుగే తినాలన్న లెక్కన రోజు విడిచి రోజు మటన్ వండింది. నర్సు సూది తీయగానే దూది ఒత్తుతూ, "దీనిది చిన్నప్పట్నుంచీ తియ్యటి రక్తమమ్మా, గదిలో పదిమంది ఉన్నా దోమలు దీన్నే కుడతాయి" అని చెప్పేది. ఏదో క్వాలిటీ సర్టిఫికెట్ ఇస్తున్నట్టు.

ఇంజెక్షన్లు మొదలయ్యే ముందు నాతో మరోసారి సంతకం పెట్టించుకున్నారు. వద్దనుకుంటే చెప్పే హక్కు మీకు ఎప్పుడూ ఉంటుంది, కానీ చెప్పేదేదో ఇప్పుడే చెప్పండి అన్నారు. ఎందుకంటే అక్కడ పిల్లాడికి కీమో ఇచ్చి, వాడికున్న మూలుగంతా చంపేస్తారు, ఆ తర్వాత నేను రానంటే వాడు బతకడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకేదో అవుతుందని కాదు, పొద్దున్న బాత్రూంలో జారిపడితే, జ్వరమొస్తే, క్యాబ్ గుద్దుకుంటే అని. ఆ వారమంతా మెట్లు గోడ పట్టుకుని దిగాను. మనలో చాలామంది క్యాంపుల్లో పేర్లిచ్చి, తీరా కాల్ వచ్చాక ఇంట్లో వద్దంటున్నారని తప్పుకుంటారట. ఇంట్లో అడగకుండా, అటెండెన్స్ కోసమో ఫొటో కోసమో పేరివ్వకండి, ఇవ్వకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. నేను అలాగే ఇచ్చాను కాబట్టే చెబుతున్నాను.

తీసే రోజు కుడిచేతికి సూది తేలిగ్గానే ఎక్కింది, ఎడమచేతి నరం మూడోసారికి గానీ దొరకలేదు. ఆ నీలం మచ్చ రెండు వారాలుంది. ఒక చేతిలోంచి రక్తం మెషీన్‌లోకి వెళ్తుంది, అది గిర్రున తిప్పి కావాల్సిన కణాలు పక్కకి తీసుకుని మిగతా రక్తాన్ని రెండో చేతిలోంచి తిరిగి ఎక్కిస్తుంది. పక్కింట్లో గ్రైండర్ తిరుగుతున్నట్టు ఒకటే హోరు, నాలుగున్నర గంటలు. చేతులు మడవకూడదు కదా, సరిగ్గా అప్పుడే ముక్కు దురద పెడుతుంది. అమ్మ పక్కన స్టూల్ మీద కూర్చుని అడిగినప్పుడల్లా గోకింది. మధ్యలో పెదాల మీద చీమలు పాకినట్టయింది. రక్తం గడ్డకట్టకుండా కలిపే మందు కాల్షియాన్ని లాగేస్తుందట, ఒక మాత్ర ఇచ్చారు, సర్దుకుంది.

చివరికి పైన వేలాడుతున్న సంచీలో ఉన్నది చూస్తే, పల్చటి టమాటా చారు రంగు. గ్లాసుడు ఉంటుందేమో. అమ్మ చాలాసేపు దానివైపే చూసి "ఇంతేనా?" అంది. ఇన్నాళ్ళ గొడవా దీనికోసమా అన్నట్టు. అంతలో ఒకబ్బాయి చల్లటి పెట్టె పట్టుకుని వచ్చాడు, లేబుళ్ళు రెండుసార్లు గట్టిగా చదివించుకుని సంచీ లోపల పెట్టుకున్నాడు. "ఏ ఊరు బాబూ?" అంది అమ్మ. చెప్పకూడదండీ అన్నాడు. "పోనీ తిన్నావా?" ఫ్లైట్ ఉందండీ అని నవ్వి వెళ్ళిపోయాడు. లిఫ్ట్ తలుపు మూసుకునేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడింది.

మర్నాటికి ఒళ్ళునొప్పులు చాలావరకు తగ్గాయి, నాలుగో రోజు ఆఫీసుకి వెళ్ళాను. ఆ తర్వాత అప్పుడప్పుడూ నా ఆరోగ్యం కనుక్కోవడానికి ఫోన్లు వస్తాయి, నాకు కాదు, అలవాటు ప్రకారం నాన్నకే. మొదటి రింగుకే ఎత్తి, నా సంగతి వాళ్ళు అడిగేలోపే "మా వాడెలా ఉన్నాడు?" అంటారు. జనవరిలో ఒకరోజు మాత్రం వాళ్ళు చెప్పారు, కణాలు పట్టుకున్నాయి, ఇంటికి పంపించారు, ఇంతకుమించి చెప్పలేం అని. నాన్న ఫోన్ పెట్టేసి అమ్మకి పాఠం మొదలుపెట్టారు. వాడి గ్రూపు ఇంతకుముందు ఏదైనా కానీ, ఇకనుంచి వాడి మూలుగలో తయారయ్యే రక్తం మన అమ్మాయిదే, బి పాజిటివ్ అని.

అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే వాడిని దోమతెరలో పడుకోబెట్టమని చెప్పండి వాళ్ళకి" అంది.