భారతం హరికథలో నవ్వుల పాట ఎక్కడ పెట్టాల

చిత్తూరు పక్క వూళ్ళలో భారతం ఉత్సవం పెడితే మామూలుగా 18 రోజులు, మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. తెల్లారిందాకా ఆట చూసినవాళ్ళే మళ్ళీ ఎండపూట పందిట్లోకి వచ్చి కూర్చుంటారు. వాళ్ళ కన్ను మూతపడకుండా కాసేది పిట్టకథ, దాంట్లోని నవ్వుల పాట. తిరుపతి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో హరికథ నేర్చుకొని వచ్చే పిల్లలకు రాగం, తాళం గట్టిగానే ఉంటాయి. తడబడేది ఈ పాట దగ్గరే.

ముందు ఆ రోజు ఏ ఘట్టమో చూసుకోవాల. బకాసుర వధ నాడు భీముడు అన్నం బండెక్కి వూరంతా తిరుగుతాడు, తిండి మీద ఎంత పాడినా చెల్లుతుంది. ఉత్తర గోగ్రహణానికి ఉత్తరకుమారుడి బడాయి చాలు, వేరే పిట్టకథ వెతకనక్కర్లేదు. వస్త్రాపహరణం నాడు మాత్రం మొదటి అరగంటలోనే ఒక చిన్నది చెప్పి ముగించేయాల. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చినాక నవ్వించబోతే ముందు వరుస ఆడవాళ్ళు ముఖం తిప్పుకుంటారు, ఇంక ఆ పూట కథ పైకి లేవదు. అర్జున తపస్సు నాడు బిడ్డల కోసం తడిబట్టలతో, అర్జునుడి వేషగాడు ఎక్కే తపస్సు మాను కింద సాగిలపడేవాళ్ళు ఉంటారు. ఆ రోజు గొడ్రాలి మాట, అత్తాకోడళ్ళ ఎకసెక్కాలు వద్దే వద్దు.

పాటకు పల్లవి, రెండు చరణాలు చాలు. నాలుగు నిమిషాలు దాటితే అసలు కథ దారం తెగుతుంది. నడక తిశ్రంలో, అంటే మూడేసి అక్షరాల లెక్కలో ఉంటే గజ్జె బాగా పలుకుతుంది. నవ్వొచ్చే మాట పాదం చివర పడాల, అక్కడ చిడతలు ఆపాల, లేకుంటే ఆ మాటే వినపడదు. తర్వాత ఒక ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, ఉత్త మృదంగం మాత్రమే నడవాల. జనం నవ్వేది ఆ సందులోనే. వయొలిన్ అందుకుందంటే నవ్వు అణిగిపోతుంది. ఈ సంగతి వేదిక ఎక్కకముందే పక్కవాయిద్యాలకు చెప్పిపెట్టుకోవాల.

గొట్టం మైకుల గోల వేరే. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. 170 మీటర్ల అవతల స్తంభానికి కట్టిన గొట్టం నుంచి మన మాటే అర సెకను ఆలస్యంగా పందిట్లోకి వస్తుంది. గబగబా పాడినామంటే ముందు మాట మీద వెనక మాట పడి కలగాపులగం అవుతుంది. పందిరి వైపు తిరిగిన గొట్టాన్ని అవతలి వైపుకు తిప్పమని మైకు ఆయనకు చెప్పండి. కుదరకపోతే నడక తగ్గించండి.

గొంతు 18 రోజులూ నిలవాలంటే శృతి అర మెట్టు దించి మొదలుపెట్టడం మేలు. ఐదున్నర శృతిలో పాడేవాళ్ళు ఐదుకు దిగితే సిగ్గుపడాల్సిందేమీ లేదు. జానపద వరుస వచ్చిందని నడుమ శృతి పెంచొద్దు, తిరిగి కథలోకి వచ్చినప్పుడు గొంతు కుదురుకోదు. కమిటీవాళ్ళు ప్రేమగా ఇచ్చే చల్లటి కూల్‌డ్రింకు కథ అయిపోయినాకే తాగండి.