చిన్నప్పుడు ఇంట్లో ఎలా ఉండేది?

మాది గుంటూరు కొత్తపేట. నాన్న మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తా. సీజన్‌లో బాగా పొద్దుపోయాక, తాగి ఇంటికొచ్చేవాడు. అమ్మను కొట్టేవాడు, అడ్డం వెళ్తే నన్నూ కొట్టేవాడు. గేటు చప్పుడు వినగానే చెల్లిని మంచం కిందికి పంపడం నా పని. అందుకని నాన్న వచ్చేదాకా నిద్రపోకుండా చెవులు రిక్కించి పడుకునేదాన్ని. హైస్కూలు చదువు అయ్యేదాకా ఇంతే.

ఇదంతా ముందు ఎందుకు చెబుతున్నానంటే, ఇరవై మూడేళ్లప్పుడు నాకు సైకోసిస్ (లేని గొంతులు వినపడటం, లేనిపోని అనుమానాలు నిజమనిపించడం) వస్తే చాలాకాలం దీని గురించి ఎవరూ అడగలేదు. ఎవరి దిష్టి తగిలింది, ఎవరు ఏం పెట్టారు, మీ వంశంలో ఎవరికైనా పిచ్చి ఉందా? అడిగినవన్నీ ఇవే.

అప్పుడు విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తూ లేడీస్ హాస్టల్‌లో ఉండేదాన్ని. మార్చి నెలాఖరు పని, టెన్షన్, నిద్ర లేదు. మొదట అనుమానం మొదలైంది. హాస్టల్ సాంబారులో ఏదో కలుపుతున్నారని బిస్కెట్లతో కాలం గడిపాను. తర్వాత ఒక మగ గొంతు వినపడసాగింది. నేనేం చేస్తే అది చెప్పేది. "చూడు, ఫ్యాన్ వేస్తోంది. చూడు, తలుపు గడియ పెడుతోంది." గదిలో ఎవరూ లేరని తెలుస్తూనే ఉంది, అయినా ఆ గొంతు నా గొంతంత నిజంగా ఉంది. పనికి వెళ్లడం మానేశాను. రూమ్మేట్ ఇంటికి ఫోన్ చేసింది.

అమ్మ తాయెత్తు కట్టించింది. తెనాలి దగ్గర ఒకాయన నిమ్మకాయలు కోసి, చేతబడి అన్నాడు. అలా నెలలు పోయాయి. చివరికి మావయ్య వచ్చి, "అక్కా, తాయెత్తు తీయమనను, ఉండనీ. డాక్టరుకి కూడా చూపిద్దాం" అన్నాడు. ఆ మాట ఆయన అంత నెమ్మదిగా చెప్పకపోతే అమ్మ ఒప్పుకునేది కాదు.

విజయవాడలో సైకియాట్రిస్టు మేడమ్ ముందు రక్త పరీక్షలు, థైరాయిడ్, ఎమ్మారై చేయించారు. మన రోగనిరోధక వ్యవస్థే యాంటీబాడీలతో మెదడు మీద దాడి చేసే జబ్బులు కొన్ని ఉన్నాయట. వాటిలో ఒకదాన్ని 2007లో గుర్తించారు. అది కూడా మొదట్లో అచ్చం సైకోసిస్‌లాగే కనిపించవచ్చు, కానీ వైద్యం వేరు. నాది అది కాదని తేలాకే సైకోసిస్‌కి వాడే ఓలాంజపిన్ మాత్రలు మొదలుపెట్టారు. కొన్ని వారాలకు ఆ గొంతు దూరమైంది. ఒళ్లు మాత్రం బాగా వచ్చేసింది, పొద్దున లేవలేకపోయేదాన్ని. తర్వాత మందు మార్చారు.

కాస్త తేరుకున్నాక ఒకరోజు మేడమ్ అడిగారు. "ఏమ్మా, చిన్నప్పుడు ఇంట్లో ఎలా ఉండేది?" నేను అమ్మ వైపు చూశాను. అమ్మే ముందు మాట్లాడింది. నేను కడుపులో ఉన్నప్పటి దెబ్బల దగ్గర్నుంచి చెప్పింది. అవి నాకూ తెలియవు. చివర "అంతా నా వల్లేనా అమ్మా?" అని మేడమ్‌ని అడిగింది. "కొట్టింది మీరు కాదు కదమ్మా" అన్నారావిడ.

తర్వాత వివరంగా చెప్పారు. భయం వేసినప్పుడు శరీరం గాయానికి సిద్ధపడుతుంది. రోగనిరోధక కణాలు మేలుకుంటాయి, దాంతో లోపల మంట (ఇన్‌ఫ్లమేషన్) మొదలవుతుంది. ఆ మంట ఎక్కువ కాకుండా కార్టిసాల్ అనే హార్మోన్ అదుపు చేస్తుంది. రోజూ అదే భయమైతే కొందరిలో ఆ అదుపు సరిగ్గా పనిచేయదు, సన్నటి మంట లోపల నిలిచిపోతుంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. చిన్నప్పుడు హింస పడ్డవాళ్లలో 32 ఏళ్ల వయసులో కూడా సీఆర్పీ (లోపలి మంటను చూపే, రక్తంలోని ఒక ప్రొటీన్) ఎక్కువగా ఉండటం కనిపించింది. బ్రిటన్‌లో మరో పరిశోధన ఉంది. తొమ్మిదేళ్లప్పుడు రక్తంలో ఐఎల్-6 అనే, మంటకు సంబంధించిన మరో ప్రొటీన్ ఎక్కువ ఉన్న పిల్లలకు 18 ఏళ్లప్పుడు సైకోసిస్ లక్షణాలు కనిపించే అవకాశం ఎక్కువని 2014లో ప్రచురించారు. అంతకుముందు, 2012లో, చాలా పరిశోధనలను కలిపి చూస్తే బాల్యంలో కష్టాలు పడ్డవాళ్లకు సైకోసిస్ అవకాశం సుమారు 2.8 రెట్లని తేలింది.

ఈ అంకెలు విని నాకు భయం వేయలేదు. నా జబ్బుకు చేతబడి కాక వేరే కారణాలు ఉండొచ్చని మొదటిసారి తెలిసింది. అలాగని ఇదొక్కటే కారణమని మేడమ్ ఎప్పుడూ అనలేదు. జన్యువులు, నిద్రలేమి, మత్తుపదార్థాలు, ఇంకా ఎన్నో కలుస్తాయి. హింస పడ్డవాళ్లలో ఎక్కువమందికి సైకోసిస్ రాదు. చెల్లి అదే ఇంట్లో పెరిగింది, తనకేమీ కాలేదు. చక్కటి బాల్యం గడిపినవాళ్లకూ ఈ జబ్బు వస్తుంది.

మరి సీఆర్పీ పరీక్షతో ముందే తెలుస్తుందా అని మావయ్య అడిగాడు. తెలియదు. జలుబు చేసినా అది పెరుగుతుంది. మంట తగ్గించే మందులతో నయం చేయొచ్చేమోనని పరిశోధిస్తున్నారు కానీ, బ్రిటన్‌లో మంటను కూడా తగ్గించే మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి చూస్తే ఉపయోగం లేదని 2018లో వచ్చింది. పిన్ని "ఇమ్యూనిటీ" అంటూ కషాయాలు పంపేది. తాగమన్నారు మేడమ్, మాత్రలు మాత్రం ఆపొద్దన్నారు. ఇది అందరికీ గట్టిగా చెప్పాలనిపిస్తుంది. బాగున్నాం కదా అని సొంతంగా మాత్రలు ఆపేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ.

మాత్రలతో పాటు కౌన్సెలింగ్‌కీ వెళ్లాను. రాత్రి ఏదైనా చప్పుడైతే శరీరం బిగుసుకుపోవడాన్ని గమనించడం, ఇప్పుడున్నది ఏ ఊరో ఏ గదో నాకు నేనే చెప్పుకోవడం అక్కడే నేర్చుకున్నాను. ఇవి వినడానికి చిన్న సంగతులే. నిద్ర నాకు వీటివల్లే తిరిగొచ్చింది.

చెల్లి పెళ్లయ్యేదాకా ఈ జబ్బు మాట బయటికి రాకూడదని బంధువులు పట్టుబట్టారు. చెల్లి వాళ్ల మాట వినలేదు. పెళ్లిచూపుల్లోనే అబ్బాయితో, "మా అక్క మందులు వాడుతోంది, ఉద్యోగం కూడా చేస్తోంది" అని చెప్పేసింది. ఆ సంబంధమే కుదిరింది.

ఇప్పుడు తక్కువ డోసులో ఉన్నాను. షుగర్, బరువు క్రమం తప్పకుండా చూపించుకుంటాను. వరసగా నిద్ర చెడితే ఆ గొంతు లీలగా వస్తుంది, వెంటనే మేడమ్‌కి ఫోన్ చేస్తాను. నాన్న తాగుడు మానేశాడు, కానీ ఆ రోజుల గురించి ఆయనతో ఇంకా మాట్లాడలేదు. మాట్లాడి తీరాలని మేడమ్ అనలేదు. నేనూ తొందరపడటం లేదు.