కొమ్మ ఎవరిదో వాళ్ళనే

మా కోనసీమలో భూమిలో రాయి ఉండదు. తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే ఇసక, ఆ కింద నీళ్ళు. ఇంటి పునాదికి రాయి కావాలంటే ఎక్కడినుంచో లారీలో రావాల్సిందే. చిన్నప్పుడు మాకు తెలిసిన రాళ్ళు మూడే. రుబ్బురోలు, నూతి దగ్గర బట్టలుతుక్కునే బండ, ఊరి పొలిమేరలో పసుపు రాసి కూర్చోబెట్టిన అమ్మవారు. అందుకే రాయి ఎక్కడ కనబడినా, దూరంనుంచి వచ్చి మా ఇంటి అరుగుమీద కూర్చున్న మనిషిని చూసినట్టుంటుంది నాకు. ఈ ఆషాఢంలో హైదరాబాదులో తమ్ముడి ఇంట్లో పది రోజులున్నాను. వచ్చినప్పటినుంచీ ఆ రాళ్ళే కళ్ళముందు మెదులుతున్నాయి.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో లింగంపల్లి దిగేసరికి తెల్లారింది. ఖాజాగూడకి ఆటో 400 అడిగాడు. బేరమాడితే 350కి దిగాడు. రాత్రంతా రైల్లో పడుకుని వచ్చిన అన్ని వందల కిలోమీటర్లకి అయినదానికీ, ఈ పది కిలోమీటర్లకి ఇచ్చినదానికీ పెద్ద తేడా లేదు. ఆ కోపం ఇంటికి వెళ్ళి కాఫీ తాగేదాకా తగ్గలేదు.

తమ్ముడి ఫ్లాట్ పదకొండో అంతస్తులో ఉంది. బాల్కనీలోకి వెళ్ళగానే ఎదురుగా గుట్ట. గుట్టంటే మట్టి గుట్ట కాదు, బండమీద బండ, దానిమీద ఇంకో బండ. ఇల్లంత బండ ఒకటి, కింద పిడికెడంత చోటు ఆనుకుని నిలబడింది. ఎవరో పేర్చినట్టే ఉంటాయిగానీ ఎవరూ పేర్చలేదు. ఒకప్పుడు భూమి లోపల కరిగి ఉన్నది గట్టిపడి, పైనున్నదంతా కొట్టుకుపోయాక బయటపడ్డ రాయి ఇది. పగుళ్ళలోకి నీళ్ళు దిగి, మూలలు అరిగి, ఉల్లిపాయ పొరల్లా ఊడుతూ ఊడుతూ గుండ్రాళ్ళయ్యాయి. వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు అంటారు. హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల ఏళ్ళే. కైలాసానికి దణ్ణం పెట్టే నాకు, ఖాజాగూడ గుట్ట అంత పెద్దదని ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు.

ఆ గుట్టకి ఒక పక్క సగం లేదు. కత్తితో కోసినట్టు నిలువుగా ఎర్రటి గోడ మాత్రం ఉంది. కింద క్రేన్లు, రేకుల షెడ్లు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఈల వేశారు. ఎవడో ఎర్ర జెండా ఊపాడు. రెండు నిమిషాల తర్వాత కాళ్ళకింద నేల ఒక్కసారి ఉలిక్కిపడింది. ముందు వణుకు, తర్వాత చప్పుడు. వంటింట్లో గ్లాసులు టకటకలాడాయి. మరదలు కూర కలుపుతూనే "రోజూ ఉండేదే వదినా, ఒంటిగంట అయిందని అర్థం" అంది. నాకు మాత్రం అన్నం సయించలేదు. ఆ రాళ్ళని కాపాడాలని ఈ ఊళ్ళోనే కొందరు 1996లో ఒక సంఘం పెట్టుకున్నారట. కొన్ని బండలు వాళ్ళ పుణ్యమా అని మిగిలాయి. ఎదురుగా ఉన్నది ఆ లెక్కలో లేదు.

ఆ రాత్రి మేనల్లుడితో పెద్ద వాదనే జరిగింది. ఇంజనీరు, బాగా చదువుతాడు. ఆ బండలోనూ దేవుడే ఉన్నాడు కదరా అని నేను బాధపడుతుంటే, "అత్తా, నువ్వు చెప్పేది కొత్తది కాదు. దేవుడు వేరు, ప్రకృతి వేరు కాదని స్పినోజా ఎప్పుడో చెప్పాడు" అన్నాడు. 1632లో ఆంస్టర్‌డామ్‌లో పుట్టిన తత్వవేత్త. 23 ఏళ్ళకే, 1656లో, వాళ్ళ యూదుల సమాజం వెలివేసింది. అద్దాల కటకాలు అరగదీసుకుంటూ బతికాడు. 1677లో పోయాక గానీ ఆయన అసలు పుస్తకం బయటికి రాలేదు. దేవుడన్నా ప్రకృతన్నా ఒకటేనని అందులో ఉందట. నాకు ఒళ్ళు పులకరించింది. ఈ జగత్తంతా ఈశ్వరుడే నిండి ఉన్నాడని మన ఉపనిషత్తులో ఉన్నమాట అంత దూరంలో ఇంకొకడికి తట్టి, దానికోసం సొంతవాళ్ళ గడప కూడా వదులుకున్నాడంటే నాకు ఆయన బంధువులా అనిపించాడు.

"కానీ అత్తా, అంతా దేవుడే అయితే ఆ మందుగుండూ దేవుడే, క్రేనూ దేవుడే. ఇంక నీ బాధ ఎవరికోసం?"

నాకు జవాబు రాలేదు. పైగా వాడు ఇంకో మాట చెప్పాడు. ఆ దేవుణ్ణి మనం ప్రేమించవచ్చుగానీ, ఆయన తిరిగి మనల్ని ప్రేమించాలని కోరుకోకూడదట. ఆయనకి కోపం రాదు, జాలీ రాదు. మంచం మీద పడుకుని చాలాసేపు ఆలోచించాను. మా పొలిమేర అమ్మవారికి కోపం వస్తుంది. మొక్కు తీర్చకపోతే అడుగుతుంది. గోదారమ్మ అలుగుతుంది. ఇవన్నీ చిన్నపిల్లల కథలేనా? నేను ఏ వైపు? అరవై ఏళ్ళు వస్తున్నా తేల్చుకోలేదా ఈ సంగతి?

తర్వాత మూడు రోజులు బేగంబజారు, స్టీలు సామాన్లు, చుట్టాలిళ్ళు. అందులో చెప్పుకోదగ్గది ఒక్కటే. అఫ్జల్‌గంజ్ దాకా వెళ్ళాం కదా అని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు చూపించాడు మేనల్లుడు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది కొట్టుకుపోయినప్పుడు, 150 మందికి పైగా దీని కొమ్మలు పట్టుకుని బతికారట. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ పసుపు, కుంకుమ, చీర పళ్ళెంలో పెట్టుకుని నది ఒడ్డుకి వచ్చి, శాంతించమని మూసీని వేడుకున్నాడని ఈ ఊరి పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. మా వైపు చింతచెట్టంటే దయ్యాల చెట్టు. రాత్రిపూట దాని కింద పడుకోనివ్వరు, పొద్దుపోయాక దాని పక్కనుంచి నడిస్తే గాలి సోకిందంటారు. చిన్నప్పుడు బడినుంచి వస్తూ కళ్ళు మూసుకుని పరిగెత్తేదాన్ని. ఇప్పుడు ఆ మాను మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. బెరడు గరుకుగా, వెచ్చగా ఉంది. చీమల బారు ఒకటి నా వేళ్ళని చుట్టి వెళ్ళింది. పక్కనే రోగుల బంధువులు టిఫిన్ డబ్బాలు విప్పుకుని తింటున్నారు. ఈ చెట్టులో ఎవరో ఉన్నారా, లేక చెట్టే ఆ ఎవరోనా అని ప్రశ్న మాత్రం అప్పుడు సూటిగా వచ్చింది మనసులోకి.

గురువారం గోల్కొండ బోనాలు చూడాలనుకున్నాను. ఆషాఢంలో బోనాలు మొదలయ్యేది గోల్కొండలోనే. కోట మీదున్న జగదాంబ అమ్మవారికి నెలంతా గురువారాలూ ఆదివారాలూ పూజలు. మరదలికి ఆఫీసు. టోలీచౌకీలో దిగి ఆటో మాట్లాడుకో అన్నాడు మేనల్లుడు. లింగంపల్లి ఆటో గుర్తొచ్చి, చుట్టయినా సరే మెహదీపట్నం దాకా వెళ్ళి గోల్కొండ బస్సెక్కాను. బస్సునిండా ఆడవాళ్ళే. ఈ రాష్ట్రం ఆధార్ ఉన్న ఆడవాళ్ళకి టికెట్ లేదు, నాది ఆంధ్రా ఆధార్. అందరికీ సున్నా టికెట్ చింపి ఇస్తూ వచ్చిన కండక్టరమ్మ నా దగ్గర డబ్బులు తీసుకుంది. డబ్బుకి కాదుగానీ, నేనొక్కదాన్నే పరాయిదాన్నన్నట్టు మనసు కలుక్కుమంది.

పక్కన కూర్చున్నావిడ అది కనిపెట్టింది. "ఏ ఊరు చెల్లె?" అని అడిగింది. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. ఒళ్ళో కొత్త గుడ్డలో చుట్టిన బోనం కుండ. సున్నం బొట్లు, పసుపు, కుంకుమ పెట్టి ఉన్నాయి. లోపల బెల్లం, పాలు వేసి వండిన అన్నం వాసన. కాళ్ళ దగ్గర సంచిలో వేపమండలు, దీపం ప్రమిద. కొడుకూ కోడలూ ముందు బైకు మీద వెళ్ళారట, తను మాత్రం కుండతో బైకెక్కనంది. "అమ్మను పట్టుకొని బండి మీద ఎగురుకుంట పోతరా ఎవరన్నా?" అంది.

లంగర్‌హౌజ్ దాటేసరికి జనం ఎక్కి, నిలబడ్డవాళ్ళ కాళ్ళకింద ఆ సంచి నలిగిపోయింది. దిగి చూస్తే వేపాకు ముద్దయిపోయింది. ఆవిడ మొహం చిన్నబోయింది. అక్కడ అమ్ముతారు కదక్కా, కొందాం అన్నాను. రెండు మండలు 20 రూపాయలు చెప్తున్నాడు, కొబ్బరికాయ 60. నేను పర్సు తీసేలోపే ఆవిడ తల అడ్డంగా ఊపి, కోట గోడ వైపు నడిచింది. గోడ పక్కన సన్నటి వేపచెట్టు ఒకటి ఉంది.

ఆవిడ వెంటనే కొమ్మ విరవలేదు. కుండని నా చేతికిచ్చింది. చెప్పులు విడిచింది. చెట్టు మాను మీద కుడిచెయ్యి పెట్టి, పక్కింటామెని పంచదార అడిగినట్టు, మామూలు గొంతుతో అంది. "తల్లీ, రెండు మండలు తీస్కుంట. ఏమనుకోకు." ఒక్క క్షణం ఆగింది. నిజంగా జవాబుకోసం ఆగినట్టే ఆగింది. ఆ తర్వాత చిన్నవి రెండు తుంచింది. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, సగం ఉన్న నీళ్ళు మొదట్లో పోసింది.

నేను ఉండబట్టలేక అడిగాను. "అక్కా, ఇప్పుడు మీరు అడిగింది అమ్మవారినా, చెట్టునా?"

ఆవిడ నావైపు వింతగా చూసింది. "చెట్టునే. కొమ్మ ఎవరిదైతే వాళ్ళనే అడగాలె గద చెల్లె."

అంతే. తలమీద కుండ ఎత్తుకుని జనంలో కలిసిపోయింది. కోడలు ఎదురొచ్చింది, డప్పుల చప్పుడు పెద్దదైంది, మళ్ళీ ఆవిడ కనబడలేదు. నేను మెట్లెక్కాను. 360 అంటారు, నేను లెక్కపెట్టలేదు. ఎక్కుతున్నంతసేపూ కుతుబ్‌షాహీలు కట్టిన గోడలే చూశాను. అడ్డొచ్చిన బండని పగలగొట్టకుండా, గోడనే దాని చుట్టూ మలిపి, బండనే గోడ చేసేసిన చోట్లున్నాయి. పైన అమ్మవారు కూడా బండల్లోనే ఉంది. తోపులాటలో దర్శనం అరనిమిషమే దొరికింది. నా మనసు మాత్రం కిందున్న వేపచెట్టు దగ్గరే ఉండిపోయింది.

ఎందుకంటే అది మా మామ్మ చేసిన పనే. పొద్దుగూకాక కరివేపాకు కోయనిచ్చేది కాదు. చెట్టు నిద్రపోతోంది అనేది. తమ్ముడికి ఒకరాత్రి జ్వరం వచ్చి తులసి కావాల్సి వచ్చింది. లాంతరు నాకిచ్చి, తులసికోట దగ్గర కూర్చుని, కాడని వేలితో మెల్లిగా మూడుసార్లు తట్టి, "లే తల్లీ, పిల్లాడికి బాలేదు" అని లేపి, అప్పుడు కోసింది. ఎన్ని ఆకులు కావాలో అన్నే కోసింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. తులసిలో లక్ష్మి ఉందని ఎవరో చెప్పారుగానీ, మామ్మ ఆ రాత్రి లేపింది లక్ష్మిని కాదు. తులసినే.

మేనల్లుడి ప్రశ్నకి ఇప్పుడు నా దగ్గర సగం జవాబుంది. అంతా దేవుడే అన్నమాట నాకు నిజమే. కానీ ఆ మాట దూరంనుంచి అంటే అది లెక్క మాత్రమే అవుతుంది. దగ్గరికి వెళ్ళి చెయ్యేసి, "తీసుకోనా" అని అడిగినప్పుడే ఎదుట ఒకరున్నారని తెలుస్తుంది. స్పినోజా దేవుణ్ణి అడగాల్సిన పనిలేదు, అందుకే ఆయన దగ్గర నాకు కొంచెం చలేస్తుంది. నాకు అడగడం కావాలి. రాత్రి వాడితో ఇదే చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "మరి బండని ఎవరు అడిగారత్తా?" అన్నాడు చివరికి.

ఎవరూ అడగలేదనే అనుకున్నాను. బయల్దేరే రోజు పొద్దున్న పాలపాకెట్‌కి దిగి, రేకుల కంచె పక్కనుంచి వెళ్తుంటే, గేటు తెరిచి ఉంది. డ్రిల్లింగ్ కుర్రాడు ఇరవై రెండేళ్ళవాడు, ఒళ్ళంతా తెల్లటి దుమ్ము. మిషన్ ఆన్ చెయ్యబోయేముందు అగరొత్తి వెలిగించి, మిషన్‌కి ఒకసారి, బండకి ఒకసారి చూపించాడు. చెయ్యి బండకి ఆనించి కళ్ళకద్దుకున్నాడు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అడిగినవాడు ఒకడున్నాడు. అది వద్దంటే వినగలిగే వీలు మాత్రం వాడికి లేదు. కూలి వాడిది, గుట్ట ఎవరిదో.

కంచె బయట రాళ్ళముక్కలు పడి ఉన్నాయి. అరచేతిలో పట్టేంత ముక్క ఒకటి తీసి, "బాబూ, ఇది తీసుకోనా?" అని అడిగాను. "తీస్కో అమ్మా, మస్తున్నయ్" అన్నాడు. వాణ్ణి అడిగితే సరిపోదనిపించి, గుట్టవైపు తిరిగి ఇంకోసారి అడిగాను, పెదవి కదలకుండా. కాసేపు ఆగాను.

రైలెక్కిస్తూ, పెట్టె బరువైందని తమ్ముడు విసుక్కున్నాడు. రాయి సంగతి చెప్పలేదు. ఇంటికొచ్చాక తులసికోట పక్కన పెట్టాను. ఎండలో బూడిదరంగులో, ఏ ప్రత్యేకతా లేకుండా ఉంటుంది. పొద్దున్న తులసికి పోసిన నీళ్ళు దానిమీద పడ్డప్పుడు మాత్రం లోపలినుంచి గులాబిరంగు పైకి వస్తుంది. సన్నటి పలుకులు మెరుస్తాయి. ఆరేదాకా పక్కనే కూర్చుంటున్నాను.