నీళ్లు పడని స్వామి

మాది పాలకొల్లు పక్క పల్లెటూరు. కాలువలు, బోదెలు, చేపల చెరువుల మధ్య పెరిగినవాళ్లం. దేవుడంటే అభిషేకమే మాకు. కార్తీక సోమవారం క్షీరారామలింగేశ్వరుడి దగ్గర నీళ్లకీ పాలకీ లోటుండదు. అందుకే చిన్నప్పుడు ద్వారకా తిరుమల కొండెక్కుతూ మామ్మ "ఈ స్వామికి నీళ్లు పొయ్యరురా" అంటే నమ్మలేదు.

కారణం పుట్ట. ద్వారకా మహర్షి తపస్సుకి మెచ్చి స్వామి వల్మీకంలో వెలిశాడంటారు. ముని ఉత్తరముఖంగా కూర్చున్నాడట, ఆయనకి ఎదురుగా స్వామి దక్షిణానికి తిరిగి నిలబడ్డాడు. మనకి కనిపించేది వక్షస్థలం పైభాగమే. పాదాలు పాతాళంలో బలిచక్రవర్తి పూజలందుకుంటున్నాయని చెబుతారు. మూలవిరాట్టు మీద చుక్క నీరు పడ్డా అడుగునున్న ఎర్రచీమలు కదిలి పైకొస్తాయని అభిషేకం చెయ్యరు.

ఆ చీమల మాటే నన్ను వదలదు. నాగుల చవితికి మేమే పుట్టలో పాలు పోస్తాం కదా! ఇక్కడ పుట్టే గర్భాలయం. చీమల ఇల్లు చెదరకూడదని స్వామి స్నానమే మానేశాడని నాకు తోస్తుంది. శాస్త్రం వేరే ఏదైనా చెబితే చెప్పనీ.

పాదాలు కనబడకపోతే పాదసేవ ఎలా? అందుకే వెనకాల నిండు విగ్రహాన్ని రామానుజాచార్యులు ప్రతిష్ఠించారని స్థలపురాణం. ఒకే శిఖరం కింద ఇద్దరు స్వాములు, కాబట్టి ఏటా కల్యాణాలూ రెండే: స్వయంభువుకి ఆశ్వయుజంలో, ప్రతిష్ఠామూర్తికి వైశాఖంలో. కొండేమో ఆదిశేషుడి రూపమట, పడగ మీద మల్లికార్జునుడు, తోక మీద వేంకటేశ్వరుడు. పెద్ద తిరుపతి మొక్కు ఈ చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చు గానీ, ఇక్కడి మొక్కు అక్కడ చెల్లదు. మా వైపు ఈ మాటకి తిరుగులేదు.

మామ్మ పుష్కరిణిలో మునిగి తడిబట్టల్తోనే మెట్లెక్కేది. పైకొచ్చాక మాత్రం లోపలికి తొందరపడేది కాదు. మండపం పక్కన ఎండలో నిలబడి కొంగు పిండుకుని, జుట్టు విదిలించి, అది పూర్తిగా ఆరిందో లేదో నాచేత తాకించి చూసుకునేది.

"ఇంకా తడుందా?"

"కొంచెం ఉంది మామ్మా."

"అయితే ఆగుదాం."