గేటు నుంచి పోర్టికో దాకా: గచ్చు బీటలు పూడ్చిన తీరు

శ్రీకాకుళంలో మా గేటు లోపల 22 అడుగుల పొడవు, నాలుగంగుళాల మందం గచ్చు. వానలు వెళ్లేసరికి రెండు బీటలు తేలాయి. ఒకటి మధ్యలో అడ్డంగా, వెంట్రుకవాసి. రెండోది అంచున, ఒక పక్క దిగిపోయి. మేస్త్రి రెండింట్లోనూ సిమెంటు పాలు పోసేద్దామన్నాడు. వద్దన్నాను. పాలు ఎండుతూ ముడుచుకుంటాయి, లోపలి దుమ్ముకి అంటవు, కారు నాలుగుసార్లు తిరిగితే రేకుల్లా లేస్తాయి.

అంచున సుత్తితో తడితే డొల్ల శబ్దం. డాబా వాననీటి గొట్టం సరిగ్గా అక్కడే దిగుతోంది, కింద పోసిన మట్టిని నీళ్లు కోసుకుపోయాయి. అందుకే ముందు ఎల్బో వేసి గొట్టాన్ని కాలువ దాకా లాగించాను. డొల్ల పలక పగలగొట్టి, గ్రావెల్ తడిపి, నాలుగంగుళాల పొరలుగా దిమ్మిస కొట్టించి, 1:2:4 (సిమెంటు, ఇసక, కంకర) కాంక్రీటు వేయించాను. పాత గచ్చుకీ దానికీ మధ్య 12 మి.మీ. థర్మాకోల్ పట్టీ.

అడ్డ బీటకి కారణం వేరు. ఈ మందానికి ఎనిమిది, పది అడుగులకో జాయింటు, అంటే గచ్చు ముడుచుకున్నప్పుడు బీట అందులోనే పడేలా పెట్టే గాడి, ఉండాలి, ఒక్కటీ లేదు. ఏడడుగులకోటి చొప్పున రెండు చోట్ల కటింగ్ మిషన్‌తో అంగుళం లోతు గాడి పెట్టించాను. ఇది వదిలేసి బీట పూడిస్తే పక్కనే ఇంకోటి లేస్తుంది.

బీటని 10 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. లోతు, గోడలు నిటారుగా కోయించాను. వీ ఆకారంలో కోస్తే పల్చటి అంచులు టైరు కింద రాలిపోతాయి. దుమ్ము కడిగి, రాత్రంతా తడిగా ఉంచి, పొద్దున నిలవ నీళ్లు గుడ్డతో తీసేశాం. ఎస్‌బీఆర్ లేటెక్స్ (సిమెంటు పట్టు పెంచే పాలలాంటి రబ్బరు ద్రవం) ఒక పాలు, నీళ్లు ఒక పాలు, సిమెంటు మూడు పాళ్లు కలిపి బ్రష్‌తో పూసి, అది జిగురుగా ఉండగానే మాలు కూరాలి. ఆరిపోతే అదే అడ్డుపొర అవుతుంది, గీకేసి మళ్లీ పూయాలి. పది మీటర్ల బీటకి కిలో సిమెంటు, జల్లించిన నాగావళి ఇసక మూడు కిలోలు, లేటెక్స్ 200 మి.లీ. సరిపోతాయి. సముద్రపు ఇసక మాత్రం వద్దు, ఉప్పు.

ఈ మాలుకి ఒక రోజే తడి గోనె, తర్వాత గాలికి ఆరనివ్వాలి. వారం నీళ్లు కట్టే అలవాటు మేస్త్రితో మాన్పించడమే కష్టమైంది. కొత్త కాంక్రీటుకి మాత్రం పది రోజులు తడి పెట్టాం.

28 రోజులయ్యాక థర్మాకోల్ పైభాగం తీసి, ఫోమ్ తాడు నొక్కి, పైన 6 మి.మీ. పాలియురెథేన్ సీలెంట్ (రబ్బరులా సాగే పూత). తాడు లేకపోతే సీలెంట్ అడుక్కి కూడా అంటుకుని, గచ్చు కదిలినప్పుడు చిరుగుతుంది. 600 మి.లీ. ప్యాకెట్ ఎనిమిది మీటర్లకి వచ్చింది.