సెకండ్ హ్యాండ్ విండోస్ లైసెన్స్ కొని, నా సిస్టంకి మార్చుకున్నాను

రాజోలులో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కొబ్బరి వ్యాపారుల బిల్లు పుస్తకాలు, చెరువుల రైతుల దరఖాస్తులు, జిరాక్సులు, స్కానింగులు. సముద్రం దగ్గర కావడంతో మా వైపు గాలిలో తేమా ఉప్పూ రెండూ ఎక్కువే. బోర్డుల మీద తుప్పు పట్టి సిస్టమ్స్ పోవడం మాకు మామూలు. 2024 వేసవిలో షాపులో ఉన్న కంపెనీ డెస్క్‌టాప్ మదర్‌బోర్డు అలాగే పోయింది. దానికి సరిపడే బోర్డు దొరకలేదు. పన్నెండో తరం ఐ3 ప్రాసెసర్‌తో కొత్తగా అసెంబుల్ చేయించాను.

సిస్టం వచ్చింది గానీ విండోస్ రాలేదు. పాతదాంట్లో ఉన్నది ఓఈఎం లైసెన్స్. అంటే తయారు చేసిన కంపెనీయే ఆ మిషన్‌కి కట్టి ఇచ్చినది. విండోస్ 8 కాలం నుంచి ఈ రకం కీ, అంటే విండోస్‌ని యాక్టివేట్ చేసే కోడ్, మదర్‌బోర్డు మీది చిప్‌లోనే ఉంటోంది. బోర్డు పోతే అదీ పోయినట్టే, వేరే సిస్టంకి తెచ్చుకునే హక్కు ఉండదు.

అసెంబుల్ చేసిన కుర్రాడు "క్రాక్ వేసేస్తానండి, ఎంతసేపండి" అన్నాడు. అంటే లైసెన్స్ లేకుండానే విండోస్ నడిచేలా చేసే దొంగ ప్రోగ్రాం. వద్దన్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, పొలం కాగితాలు తెచ్చి నా చేతిలో పెడతారు. చదువు రానివాళ్లయితే ఫోన్ కూడా ఇచ్చి ఓటీపీ నువ్వే చూసుకో బాబూ అంటారు. క్రాక్ వేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపాలి. ఆ తర్వాత లోపల ఏం దూరుతుందో దాన్ని రాసినవాడికే తెలియాలి. అలాంటి మిషన్ మీద ఒక ముసలావిడ పింఛను కాగితాలు స్కాన్ చేయడానికి నాకు మనసు ఒప్పదు. ఈ విషయంలో నేను కొంచెం గట్టిగానే ఉంటాను.

కొత్త విండోస్ పెట్టె కొనాలంటే అప్పుడు చేతిలో డబ్బులు లేవు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో చూడడం మొదలుపెట్టాను. విండోస్‌ని పాతది కొనడమేంటని చాలామంది అడిగారు. కొనొచ్చు, కాకపోతే అన్ని లైసెన్సులూ కాదు. విడిగా పెట్టెలోనో, డౌన్‌లోడ్‌గానో కొన్న రిటైల్ లైసెన్స్‌ని మాత్రమే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మార్చుకోనిస్తారు. వేరే మనిషికి ఇవ్వాలంటే ఇచ్చేవాడు దాన్ని మొదట కొన్నవాడై ఉండాలి, పుచ్చుకునేవాడు లైసెన్స్ షరతులకి ఒప్పుకోవాలి, పాత మిషన్‌లోంచి విండోస్ తీసేయాలి. ఇదంతా మైక్రోసాఫ్ట్ లైసెన్స్ ఒప్పందంలోనే రాసి ఉంటుంది. మనం ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదవకుండా 'యాక్సెప్ట్' కొట్టేది దానికే.

ముందు పాత సిస్టమ్స్ అమ్మే ఒక షాపుకి వెళ్లాను. కార్డు మీద కీ గీకి ఇస్తాం, కొన్ని వందలే అన్నారు. అదే రకం కీ వేసిన సిస్టం ఒకటి ఆన్ చేయించి, కమాండ్లు టైప్ చేసే నల్ల తెరలో (కమాండ్ ప్రాంప్ట్) ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని కొట్టి, పక్కన స్లాష్ పెట్టి డీఎల్‌ఐ అని ఇచ్చాను. లైసెన్స్ ఏ రకమో చెప్పే చిన్న బాక్స్ వస్తుంది. అందులో 'వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్' అని ఉంది. అది ఆఫీసులకీ కాలేజీలకీ టోకున ఇచ్చే రకం. డీఎల్‌ఐ బదులు ఎక్స్‌పీఆర్ అని ఇస్తే గడువు తేదీ కూడా చూపించింది. ఆ రకం యాక్టివేషన్ 180 రోజులే, ఈలోపు ఆ సంస్థ సర్వర్‌తో మాట్లాడి పొడిగించుకుంటూ ఉండాలి. మన షాపుకి ఆ సర్వర్ ఎక్కడిది? అది అమ్మడానికి వాళ్లకి హక్కే లేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

తెలిసినాయన ఒకరు తన లాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కర్ కీ ఇస్తానన్నారు. అది ఓఈఎం, కుదరదని చెప్పాను. విండోస్ 7 పెట్టె ఉందని ఇంకొకరు ఫోన్ చేశారు. ఆ కీలతో కొత్త విండోస్ వేసుకునే దారిని 2023 సెప్టెంబర్‌లోనే మూసేశారు కాబట్టి అదీ అక్కరకు రాలేదు.

చివరికి పాలకొల్లులో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన దగ్గర విండోస్ 10 ప్రో పెట్టె ఉందని మా బావమరిది చెప్పాడు. దిండి మీదుగా చించినాడ వంతెన దాటి వెళ్లాను. మాస్టారు 2018లో అసెంబుల్ చేయించుకున్నప్పుడు కొన్నారట. ఆ ప్రాసెసర్ ఏడో తరానిది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఒకటీ అరా తప్ప ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటారు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోతుందని అప్పటికే ప్రకటించారు. అందుకని ఆయన విండోస్‌తో వచ్చే లాప్‌టాప్ కొనేసుకున్నారు. పెట్టె, అందులోని పెన్‌డ్రైవ్, కీ ఉన్న కార్డు, కొన్న బిల్లు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచారు. బిల్లు మీద ఆయన పేరు చూడగానే నాకు సగం టెన్షన్ తగ్గింది.

అయినా, "మాస్టారూ, ఏమనుకోకండి, ఒకసారి చూస్తాను" అన్నాను. "చూడవయ్యా, చూడకుండా కొంటే నేనే ఒప్పుకోను" అన్నారాయన. ఆయన పాత డెస్క్‌టాప్‌లో డీఎల్‌ఐ కమాండ్‌కి 'రిటైల్' అని వచ్చింది. అదే బాక్స్‌లో కీ చివరి ఐదు అక్షరాలు కనిపిస్తాయి, అవి కార్డు మీదవాటితో సరిపోయాయి. ఇది తప్పకుండా చూడాలి. అక్కడ 3వీ66టీ అని ఉంటే అది ప్రో ఎడిషన్ ఉన్న ఎన్నో సిస్టమ్స్‌లో ఒకేలా కనిపించే మామూలు కీ. దాన్నిబట్టి మీ చేతిలో ఉన్న కార్డు ఆ మిషన్‌దో కాదో తేలదు.

మూడున్నర వేలకి బేరం కుదిరింది. డబ్బులిచ్చే ముందు చేయాల్సినవి చేశాం. మాస్టారి ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాను. వాటిలో ఆయన ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నోట్సు స్కాన్ కాపీలున్నాయి, అందుకే ఒకటికి రెండుసార్లు తెరిచి చూసుకున్నాం. తర్వాత ఎస్‌ఎల్‌ఎంజీఆర్‌కే యూపీకే ఇచ్చి కీ తీసేశాను, సీపీకేవై ఇచ్చి, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోంచీ తుడిచేశాను. ఆయన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోని పరికరాల జాబితా నుంచి ఆ డెస్క్‌టాప్‌ని ఆయన చేతే తీయించాను. ఆ డెస్క్‌టాప్ డిస్క్ ఫార్మాట్ చేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాను. ఆ సిస్టం మనవడికి పనికొస్తుందని ఆయన సంబరపడ్డారు.

ఒక తెల్లకాగితం మీద, ఈ విండోస్‌ని మొదట కొన్నది తానేనని, తన కంప్యూటర్‌లోంచి తీసేసి నాకు ఇస్తున్నానని మాస్టారు రాసి సంతకం పెట్టారు. కింద, లైసెన్స్ షరతులకి ఒప్పుకుంటున్నానని నేను పెట్టాను. ఈ కాగితం ఎవరూ అడగలేదు. కానీ ఎప్పుడైనా అడిగితే చూపించడానికి బిల్లు ఒక్కటే చాలదని నాకు అనిపించింది, ఎందుకంటే బిల్లు మీద ఉన్నది నా పేరు కాదు.

షాపుకి వచ్చి, విండోస్ 11 ప్రో వేసి ఆ కీ కొట్టాను. విండోస్ 10 ప్రో కీ దానికీ పనిచేస్తుంది, ఎడిషన్ మాత్రం కలవాలి. నెట్ ద్వారా యాక్టివేట్ కాలేదు. 0ఎక్స్‌సీ004సీ008 అని ఎర్రర్ వచ్చింది. ఈ కీ ఇంకో కంప్యూటర్‌లో వాడారు అని దానర్థం. ఇక్కడ చాలామంది మోసపోయామని కంగారుపడతారు. మనం పాత మిషన్‌లో కీ తీసేసిన సంగతి ఆ మిషన్‌కే తెలుసు. మైక్రోసాఫ్ట్ సర్వర్‌కి ఆ కబురు వెళ్లదు. అప్పట్లో దానికి మందు ఫోన్ యాక్టివేషన్.

రన్ బాక్స్‌లో ఎస్‌ఎల్‌యూఐ 4 అని కొట్టి, దేశం ఇండియా ఎంచుకుంటే టోల్‌ఫ్రీ నంబర్ వచ్చింది. తెర మీద ఏడేసి అంకెలు తొమ్మిది గుంపులుగా ఇన్‌స్టలేషన్ ఐడీ ఉంటుంది, మొత్తం 63 అంకెలు. మా బావమరిది గుంపు గుంపుగా చదువుతుంటే నేను ఫోన్‌లో నొక్కాను. మధ్యలో కరెంటు పోయింది, యూపీఎస్ నిలబెట్టింది. ఈ కాపీ ఎన్ని కంప్యూటర్లలో ఉందని అవతల నుంచి అడిగారు. ఒక్కదాంట్లోనే అని చెప్పాను, అది నిజం కాబట్టి గొంతు తడబడలేదు. అప్పుడు ఆరేసి అంకెలు ఎనిమిది గుంపులుగా కన్ఫర్మేషన్ ఐడీ చదివారు. ఒక్కో గుంపూ రాసుకుని, తిరిగి చదువుకుని కొట్టాను. యాక్టివేట్ అయింది. డీఎల్‌ఐ మళ్లీ కొట్టి చూస్తే రిటైల్, లైసెన్స్‌డ్ అని వచ్చింది. మాస్టారికి వెంటనే ఫోన్ చేసి చెప్పాను.

పెట్టె, బిల్లు, మా ఇద్దరి సంతకాల కాగితం షాపు ట్రేడ్ లైసెన్స్ ఉన్న ఫైల్లోనే పెట్టాను. రేపు ఈ బోర్డు పోయినా విండోస్‌ని ఇక్కడ తీసేసి నా ఇంకో సిస్టంకి మార్చుకోవచ్చు. ఇంకొకరికి అమ్మడం మాత్రం కుదరదు. ఆ వెసులుబాటు మొదట కొన్నవాళ్లకే ఉంది, మాస్టారు దాన్ని నాకు ఇవ్వడంతో వాడేశారు. మా తమ్ముడు వేరే షాపు పెడతానంటున్నాడు, వాడికి కావాలంటే వాడే ఒక పెట్టె చూసుకోవాలి. ఆ కాగితం అడుగున ఈ మాట కూడా రాసి ఉంచాను.