మనలో మిగిలిన పచ్చసొన జీన్

జంతువుల జీనోమ్ డేటా, అంటే వాటి మొత్తం డీఎన్ఏ రాత, ఎవరైనా ఉచితంగా చూడొచ్చని ఎప్పుడో విన్నాను గానీ, తీరిగ్గా కూర్చుని చూసింది నిన్న రాత్రే. డీఎన్ఏని రాసే అక్షరాలు ఎ, టి, జి, సి. స్క్రీన్ ఎంత కిందికి జరిపినా ఆ నాలుగక్షరాలే. మొదట్లో విసుగొచ్చింది, నిజం చెప్పాలంటే.

కోడిని, ప్లాటిపస్‌ని, మనిషిని పక్కపక్కన పెట్టాక గానీ మజా తెలియలేదు. గుడ్డులో పచ్చసొన తయారవ్వాలంటే వైటెలోజెనిన్ అనే ప్రోటీన్ కావాలి. కోడికి ఆ జీన్లు మూడున్నాయి. గుడ్లూ పెట్టి, పిల్లలకి పాలూ ఇచ్చే ప్లాటిపస్‌లో పనిచేసేది ఒక్కటే మిగిలింది. మరి మనకి? పనిచేసేది ఒక్కటీ లేదు. కానీ వాటి ముక్కలు మాత్రం అదే చోట, అవే ఇరుగుపొరుగు జీన్ల మధ్య ఇంకా పడున్నాయి! పచ్చసొన శిలాజంగా మిగలదు కదా, ఎంత తవ్వినా ఈ చరిత్ర దొరికేది కాదు.

‘ఇదంతా చదివి ఏం లాభం’ అనేవాళ్ళకి ఏనుగుని చూపిస్తాను. క్యాన్సర్‌ని అడ్డుకునే టీపీ53 జీన్ మనకి ఒక్కటే, ఏనుగులో దానికి 20 దాకా కాపీలున్నాయని 2015లో బయటపడింది. అంత పెద్ద ఒంట్లో క్యాన్సర్ ఎందుకంత అరుదో వెతకడానికి ఒక దారి దొరికింది.

అన్నట్టు, తెగిన కాలు మళ్ళీ మొలిపించుకునే ఆక్సలాటిల్ అనే ఉభయచర జీవి జీనోమ్‌ని 2018లో ప్రచురించారు. దాంట్లో 3,200 కోట్ల అక్షరాలు! మనవి 300 కోట్లే. ఈ ఆదివారం దాని పని పట్టాలి.